కుర్చీ అడిగినందుకు...

మొన్న శ్రావణమాసంలో మా కోడలితో కలిసి ఒక చీరల షోరూముకు వెళ్ళాను. మూడంతస్తుల షాపు. అడుగు పెట్టగానే చల్లటి గాలి, చేతిలో కూల్‌డ్రింకు, కూర్చోవడానికి మెత్తటి కుర్చీలు. మేం కూర్చున్నాం. మాకు చీరలు చూపించే అమ్మాయి నిలబడే ఉంది. ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. నలభై చీరలు విప్పింది, నలభై మడత పెట్టింది. మధ్యమధ్యలో బరువంతా ఎడమ కాలి మీద వేసి, కుడి కాలు కాస్త పైకెత్తి, మళ్ళీ మార్చుకుంటోంది. ఆ కాలు మార్చడం నాకు బాగా తెలుసు.

"కాసేపు కూర్చోమ్మా, మేం ఈ రెండూ చూసుకుంటాం" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. తల ఎత్తకుండా కళ్ళతోనే సీలింగ్ వైపు చూపించింది. "కెమెరా ఉందాంటీ" అంది మెల్లగా.

ఇంటికొచ్చాక చీర బీరువాలో పెట్టానే గానీ, ఆ మాట మాత్రం మనసులోంచి పోలేదు. ముప్ఫై ఏళ్ళనాడు మా షాపులో కెమెరాలు లేవు. కెమెరా పని చెయ్యడానికి ఒక సూపర్‌వైజరు ఉండేవాడు, అంతే తేడా.

మేం ఎనిమిది మందిమి

1994లో నేను బెజవాడలో ఒక బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌గా చేరాను. మావారు పనిచేసే ప్రెస్సు మూతపడింది. మా వాడికి మూడేళ్ళు. షాపు పేరు ఇక్కడ రాయను. ఆ ఓనరుగారు ఇప్పుడు లేరు, షాపూ లేదు. పైగా అది ఒక్క షాపు కథ కూడా కాదు.

అంతకుముందు చీరల కొట్టు అంటే నేలమీద తెల్లదుప్పటి పరిచిన పరుపులే. కొనేవాళ్ళూ కూర్చునేవాళ్ళు, చూపించేవాళ్ళూ కూర్చునేవాళ్ళు. షోరూములొచ్చాక కొనేవాళ్ళకు కుర్చీలొచ్చాయి, మాకు కౌంటరు వెనక నిలబడే చోటు మిగిలింది. ఉదయం తొమ్మిదిన్నరకు వెళితే రాత్రి తొమ్మిది. మధ్యాహ్నం అన్నానికి ఇరవై నిమిషాలు. గిరాకీ లేనప్పుడు కూడా కూర్చోకూడదు. "సేల్స్‌గర్ల్ కూర్చుంటే షాపు పడుకున్నట్టు ఉంటుంది" అనేవారు ఓనరుగారు. బాత్రూము ఒక్కటే, అదీ మేడమీద గోడౌను పక్కన. రెండోసారి వెళితే సూపర్‌వైజరు వాచీ చూసుకునేవాడు. అందుకని నీళ్ళు తాగడం మానేశాం. ఎండాకాలంలో యూరిన్‌లో మంటతో ఎంతమంది బాధపడ్డామో! ఇంటికెళ్ళేసరికి పిక్కలు రాళ్ళలా ఉండేవి. నా ఎడమ కాలి మీద ఉబ్బిన నరాలు ఇప్పటికీ ఉన్నాయి.

మాలో ఒకావిడ ఉండేది. అందరికన్నా పెద్దది, భర్త లేడు, ఇద్దరు పిల్లలు. అందరం 'అక్కా' అని పిలిచేవాళ్ళం. ఆషాఢం సేల్ రోజుల్లో ఒక అమ్మాయి కళ్ళు తిరిగి చీరల గుట్టమీద పడిపోయింది. ఆ రాత్రి అక్క ఒక తెల్లకాగితం తెచ్చింది. "అయ్యా, గిరాకీ లేనప్పుడు కూర్చోవడానికి నాలుగు స్టూళ్ళు వేయించవలసిందిగా ప్రార్థన" అని రాసింది. ప్రార్థన అనే రాసింది, డిమాండ్ అని కాదు. కింద ఎనిమిది మందిమి సంతకాలు పెట్టాం.

నాలుగు స్టూళ్ళకు ఆ రోజుల్లో ఎంతవుతుందండీ? ఒక మంచి పట్టుచీర మీద వచ్చే లాభం కూడా కాదు. కానీ ఆ కాగితం చూసి ఓనరుగారి మొహం మారిపోయింది. స్టూళ్ళ సంగతి ఎత్తలేదు. "ఏంటిది, యూనియన్ పెట్టారా?" అన్నారు. 'దొంగతనం చేశారా' అన్నట్టుగా ఉంది ఆ అడగడం.

మర్నాడు మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే గదిలోకి పిలిచారు. నా వంతు వచ్చింది. ఆయన నన్ను తిట్టలేదు. "నీకేమ్మా, బుద్ధిమంతురాలివి. చిన్నపిల్లాడున్నాడు. ఎవరో చెప్పారని సంతకం పెట్టుంటావు. అవునా?" అని అడిగారు. నేను తలూపాను. "ఆవిడే రాసి పెట్టమంది" అన్నాను. ఎనిమిదిలో ఏడుగురం అదే మాట చెప్పామని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రమే అక్కకు లెక్క కట్టి డబ్బులిచ్చి పంపేశారు. ఎవరి కౌంటరు దగ్గర వాళ్ళం చీరలు మడత పెట్టుకుంటూ నిలబడ్డాం. ఆమె మెట్లు దిగి వెళుతుంటే తలెత్తి చూసినవాళ్ళు లేరు.

కోపం కుర్చీ మీద కాదు

చాలా ఏళ్ళు నేను దాన్ని మా ఓనరుగారి గుణం అనుకున్నాను. తర్వాత మెల్లగా చదువుతుంటే అర్థమైంది, ఇది ఒక మనిషి గుణం కాదని. ఒక్కత్తి అడిగితే "చూద్దాంలే అమ్మా" అంటారు. పదిమంది కలిసి అడిగితే అడిగింది ఎంత చిన్నదైనా సరే, భగ్గుమంటారు. వాళ్ళ కోపం అడిగినదాని మీద కాదు, కలిసి అడగడం మీద.

ఈ దేశంలో ఆ కోపం ఎంత పాతదో చూడండి. 1918లో మద్రాసులో బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల కార్మికులు బి.పి.వాడియా గారి నాయకత్వంలో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టుకున్నారు. అప్పట్లో మన కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. మధ్యాహ్నం అన్నం తినే విరామం ఇంకాస్త పెంచమన్నది వాళ్ళు మొదట్లో అడిగినవాటిలో ఒకటి. రెండేళ్ళకు మిల్లువాళ్ళు హైకోర్టుకెక్కారు. మా పనివాళ్ళను రెచ్చగొట్టి నష్టం చేశారని వాడియా గారి మీదా, ఇతర నాయకుల మీదా దావా వేశారు. కోర్టు నాయకుల మీద నిషేధపు ఉత్తర్వు ఇచ్చింది. అంటే యూనియన్ పెట్టడమే నేరంలాంటిదైపోయింది! ఆ అన్యాయం చూశాకే యూనియన్లకు చట్టం రక్షణ కావాలని ఎన్.ఎం.జోషి లాంటివాళ్ళు పట్టుబట్టారు. అలా వచ్చిందే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం. ఏడుగురు కలిస్తే యూనియన్ రిజిస్టరు చేసుకోవడానికి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆ చట్టం చెప్పింది.

ఏడుగురు! మేం ఎనిమిది మందిమి.

ఇంకో సంగతి. యూనియన్‌లో చేరినందుకు పనిలోంచి తీసేస్తామని బెదిరించడం అన్యాయమైన చర్య అని మా సంతకాల నాటికే చట్టంలో ఉంది. ఫ్యాక్టరీల చట్టంలోనైతే, నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నుంచే ఉంది. కానీ షాపు ఫ్యాక్టరీ కాదుగా! ఇవేవీ మాకు తెలియవు. తెలియకపోవడం యాదృచ్ఛికం కూడా కాదు. ఎవరు చెబుతారు మాకు?

కోజికోడ్ ఆడవాళ్ళు సాధించారు

మేం కాగితం మీద రాసి వదిలేసిన కోరికను కేరళ సేల్స్‌గర్ల్స్ చట్టం చేయించుకున్నారు. కోజికోడ్‌లో మిఠాయి వీధి అని పెద్ద బజారుంది. అక్కడ బట్టలు కుట్టుకునే విజి అనే ఆవిడ చుట్టుపక్కల షాపుల ఆడవాళ్ళను కూడగట్టి 'పెణ్‌కూట్టు' అనే సంఘం పెట్టింది. పెణ్‌కూట్టు అంటే ఆడవాళ్ళ తోడు. వాళ్ళు మొదట అడిగింది కుర్చీ కూడా కాదు, బాత్రూము! ఆ బజారులో పనిచేసే ఆడవాళ్ళు కూడా మాలాగే నీళ్ళు తాగడం మానేసి, జబ్బులు తెచ్చుకునేవాళ్ళు.

2014 చివర్లో త్రిస్సూరులో ఒక పెద్ద చీరల షాపులో కొందరు అమ్మాయిలు యూనియన్‌లో చేరారు. వాళ్ళను దూరంగా వేరే ఊళ్ళకు బదిలీ చేశారు. చూడండి, పేరుకు తీసెయ్యలేదు, బదిలీయే. ఇల్లూ పిల్లలూ ఉన్న ఆడది బదిలీ అంటే తానే మానేస్తుందని లెక్క. కానీ వాళ్ళు మానలేదు. షాపు ఎదుట కూర్చున్నారు. కూర్చునే హక్కు కోసం కూర్చునే సమ్మె! వంద రోజులకు పైగా సాగింది.

చివరకు 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టాన్ని సవరించి, పనివాళ్ళకు కూర్చునే వసతి తప్పనిసరి చేసింది. అదే ఏడాది బీబీసీ ప్రపంచవ్యాప్తంగా ఎంచిన వందమంది మహిళల్లో విజి పేరు కూడా ఉంది. 2021లో తమిళనాడు కూడా అలాంటి సవరణే చేసింది. ఈ చట్టాల వల్ల ఏ షాపూ మూతపడలేదు. చీరల ధరలూ ఆకాశానికి ఎక్కలేదు.

ప్రభుత్వమే యజమాని అయితే?

ప్రైవేటువాళ్ళు సరే, ప్రభుత్వమన్నా మనసుతో చూస్తుంది కదా అనుకుంటాం. మా ఆడపడుచు అంగన్‌వాడీ టీచరు. ఇరవై ఏళ్ళ సర్వీసు. అంగన్‌వాడీలు 1975లో మొదలయ్యాయి. ఆరేళ్ళలోపు పిల్లలకు తిండి, ఆటపాటలు, గర్భిణులకు, బాలింతలకు పాలు, గుడ్లు, బరువులు చూడటం, టీకాలకు పిలుచుకురావడం, సర్వేలు, ఇప్పుడు వాటికి తోడు సెల్‌ఫోన్ యాప్‌లు. ఇంత పనికీ ఇచ్చేదాన్ని జీతం అనరు, 'గౌరవ వేతనం' అంటారు. జీతం అంటే ఉద్యోగి అయిపోతుంది కదా!

2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు సమ్మెకు దిగారు. అప్పటికి టీచరుకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. కనీస వేతనం ఇవ్వండి, గ్రాట్యుటీ ఇవ్వండి అని అడిగారు. గ్రాట్యుటీ ఏమీ గొంతెమ్మ కోరిక కాదు. అంగన్‌వాడీలకు అది వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే చెప్పింది.

ప్రభుత్వం ఏం చేసింది? కొన్నిచోట్ల సెంటర్ల తాళాలు పగలగొట్టించి సచివాలయాల సిబ్బందితో తెరిపించింది. 2024 జనవరి 6న ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవల్లో ఆరు నెలలు సమ్మె చెయ్యకూడదని ఉత్తర్వు. ఆ రోజు మా ఆడపడుచు ఫోన్ చేసింది.

"వదినా, చూశావా తమాషా! జీతం అడిగితే మీరు ఉద్యోగులు కారు, సేవ చేస్తున్నారు అంటారు. సమ్మె చేస్తే మీది అత్యవసర ఉద్యోగం, ఆపకూడదు అంటారు. నేను ఇంతకీ ఎవర్ని?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పొద్దూ, అంతకు రెండు వారాల ముందు మా వీధిలో చంటిపిల్లల తల్లులు "సెంటరు మూసేసి రోడ్డుమీద కూర్చుంటారేమిటి వీళ్ళు" అని విసుక్కుంటుంటే నేనూ వంతపాడాను. ఆ తల్లులకు ఇబ్బంది లేదనను. కూలికెళ్ళే తల్లికి సెంటరు మూతపడితే ఆ రోజు కూలి పోతుంది. కానీ ఆ సెంటరు లేకపోతే ఇంత ఇబ్బంది అయితే, దాన్ని నడిపే మనిషికి ఆపాటి విలువ ఉండొద్దా?

ఎస్మా వచ్చినా ఆడవాళ్ళు లేవలేదు. సంక్రాంతి పండక్కి ఇళ్ళల్లో లేరు, శిబిరాల దగ్గరే ముగ్గులు వేశారు. విధుల్లోంచి తీసేస్తామన్నారు. ఛలో విజయవాడ అంటే ఎక్కడికక్కడ పోలీసులు ఆపారు. మొత్తం 42 రోజులు. చివరికి చర్చలకు పిలిచి కొన్ని ఒప్పుకున్నారు. జీతం మాత్రం ఆ రోజుకు పెరగలేదు. గెలిచారా, ఓడారా అంటే నేను చెప్పలేను. ఒక్కటి చెప్పగలను. వాళ్ళను ఎవరూ ఒక్కొక్కళ్ళనే గదిలోకి పిలవలేకపోయారు.

పక్క రాష్ట్రంలోనూ ఇలాంటిదే చూశాం. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్టీసీలో దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగితే, గడువులోగా డ్యూటీకి రానివాళ్ళు తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. వాళ్ళలో టిక్కెట్లు కొట్టే ఆడపిల్లలు వేలమంది. 52 రోజుల తర్వాత తిరిగి పనిలోకి తీసుకున్నారు. కొన్ని రాయితీలూ ఇచ్చారు. కానీ యూనియన్లు ఇక వద్దు, డిపోకో వెల్ఫేర్ కమిటీ చాలు అన్నారు. పెట్టింది తినండి, కలిసి అడగకండి అని దాని అర్థం. పార్టీ ఏదైనా, రాష్ట్రం ఏదైనా గద్దె మీద కూర్చున్నాక మాట ఒకటే.

యూనియన్లు మాత్రం మంచివా?

ఈ ప్రశ్న మీరు అడుగుతారని తెలుసు. మావారు కూడా అడిగారు. చందాలు వసూలు చేసి కనపడకుండా పోయేవాళ్ళున్నారు. పార్టీ జెండాకే తప్ప పనివాళ్ళకు పనికిరానివాళ్ళున్నారు. యజమానితో లోపాయికారీగా కలిసిపోయేవాళ్ళూ ఉన్నారు. ఇక ఆడవాళ్ళ సంగతి అసలే పట్టదు చాలామందికి. మీటింగుకు జనం కావాలంటే ముందు వరుసలో మనం, వేదిక మీద మాత్రం వాళ్ళు. బాత్రూము లేదంటే "అదేం సమస్యమ్మా" అంటారు.

అందుకు మందు యూనియన్ మానుకోవడం కాదు, మనం అందులో ఉండటం. విజి చేసింది అదే. అంతకు చాలాముందే అహ్మదాబాదులో ఇలా భట్ గారు చేసింది కూడా అదే. బట్టల మూటలు మోసేవాళ్ళు, పాతబట్టలు అమ్ముకునేవాళ్ళు, కూరగాయలు అమ్మేవాళ్ళు, ఇళ్ళల్లో కుట్టుపని చేసేవాళ్ళు, అందరూ ఆడవాళ్ళే. వాళ్ళతో 'సేవ' అనే యూనియన్ పెడతామంటే, "మీకు యజమాని ఎవరు? యజమాని లేకుండా యూనియన్ ఏమిటి?" అని లేబర్ ఆఫీసువాళ్ళు అభ్యంతరం చెప్పారు. యూనియన్ అంటే ఎవరితోనో పోట్లాడటానికే కాదు, పనిచేసేవాళ్ళు ఒక్కటిగా ఉండటానికి అని వాదించి, 1972లో రిజిస్టరు చేయించుకున్నారు. ఇవాళ లక్షలమంది ఆడవాళ్ళు అందులో ఉన్నారు.

ఇప్పుడు దారి ఇంకొంచెం ఇరుకైంది. 2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1926 నాటి యూనియన్ల చట్టం కూడా వాటిలో కలిసిపోయింది. పాతరోజుల్లో నీళ్ళు, కరెంటు, రైళ్ళలాంటి సేవల్లోనే సమ్మెకు ముందుగా నోటీసు ఇవ్వాలి. ఇప్పుడు ఏ సంస్థలోనైనా 14 రోజుల ముందు ఇవ్వాలి. సగంమంది కలిసి ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందే లెక్క. 300 మందికన్నా తక్కువున్న ఫ్యాక్టరీ అయితే, పనివాళ్ళను తీసెయ్యడానికి ప్రభుత్వాన్ని అడగక్కర్లేదు. ఇదివరకు ఆ లెక్క 100. వ్యాపారం సులువు కావడానికి ఇదంతా అంటున్నారు. నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలన్న మాట కూడా ఆ కోడ్‌లలో ఒకదాంట్లో ఉంది, కాదనను. కానీ కాగితం మీది కుర్చీని షాపులో వేయించాలంటే అడిగేవాళ్ళుండాలి కదా!

అక్క కనిపించింది

చాలా ఏళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో అక్క కనిపించింది. నన్ను చూడగానే గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. నాకే నోట మాట రాలేదు. భోజనాలయ్యాక పక్కకు తీసుకెళ్ళి, "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను.

"ఊరుకోవే, పిల్లాడున్నవాళ్ళు ఏం చేస్తారు!" అంది. కాసేపాగి మళ్ళీ తనే అంది. "సంతకం కాదన్నారని నాకు కోపం లేదు. అందరం కలిసి వెళదాం, లేకపోతే ఎవరం వెళ్ళొద్దు అని ముందురోజు రాత్రి అనుకోలేదు చూడు, అక్కడే దెబ్బతిన్నాం. నాకూ తట్టలేదు."

తర్వాత ఏం చేసిందో చెప్పింది. ఏడాదిపాటు ఏ షాపులోనూ పని దొరకలేదట. "ఆవిడా? కాగితాలు రాస్తుంది" అని ఓనర్లు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారట. వాళ్ళు మాత్రం కలిసి మాట్లాడుకోవచ్చు!

మొన్న ఆ షోరూములో బిల్లు కట్టేటప్పుడు గల్లా దగ్గర మేనేజరుతో అన్నాను. "బాబూ, మీ అమ్మాయిలకు కూర్చోవడానికి స్టూళ్ళు వేయించండి. మాకు చూడటానికి ఇబ్బందిగా ఉంది." ఆయన నవ్వి, "చూద్దాం మేడమ్" అన్నాడు. ఒక్కదాన్నే అడిగానుగా! ఆ జవాబే వస్తుంది మరి.

వచ్చే శ్రావణానికి మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం ఆరేడుగురం కలిసి ఆ షాపుకే వెళదామనుకున్నాం. మీ ఊళ్ళో మీరూ వెళితే, చీరతో పాటు ఈ మాటా ఒకటి అడిగి రండి.

మీరు పనిచేస్తుంటే...

* యూనియన్ పెట్టుకోవడం, అందులో చేరడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. కొత్త కోడ్‌లో కూడా రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టాలంటే కనీసం ఏడుగురు ఉండాలి. సంస్థలో ఉన్నవాళ్ళలో పదోవంతు గానీ, వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులవ్వాలి.

* యూనియన్‌లో చేరారని బెదిరించినా, తీసేసినా అది చట్టం దృష్టిలో అన్యాయమైన చర్య. లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చెయ్యవచ్చు.

* అపాయింట్‌మెంట్ కాగితం, జీతం చీటీలు, పి.ఎఫ్. నంబరు జాగ్రత్త చేసుకోండి. ఏది అడిగినా రాసి ఇవ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

* అందరూ సంతకాలు పెట్టిన కాగితం గురించి ఒక్కరినే పిలిస్తే, "అందరం కలిసి వస్తామండీ" అని చెప్పండి. ఆ మాట ముందే అనుకుని ఉంచుకోండి.